అప్పుడప్పుడు మొరాయించే పాత కారు – కారణం పట్టుకోవడం ఎలా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ లెక్కలు, మెడికల్ బిల్లులు మాట్లాడుకునే వేదిక మీద పాత కారు గురించి మాట్లాడమన్నారంటే అందుకు కారణం ఉంది. మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళ ముందు ఇప్పటికీ ఒక పాత బండి ఉంది. కొందరిది మారుతి 800, కొందరిది అంబాసడర్, ఒకరిద్దరిది పద్మిని. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నవాళ్ళు ఉన్నారు, ఉద్యోగంలో ఉండగా అప్పు పెట్టి కొన్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడా బండి మనకు షోకు కాదు. నెల్లూరులో డాక్టరు దగ్గరికి, బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి, చెంగాళమ్మ గుడికి, మనవడిని రైలెక్కించడానికి అదే ఆధారం. మోకాళ్ళ నొప్పులున్న మనిషి బస్సు మెట్లెక్కడం ఎంత కష్టమో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు.

అలాంటి బండి పూర్తిగా చెడిపోతే ఒక విధంగా మేలు. మెకానిక్ చూస్తాడు, లోపం కనిపిస్తుంది, బాగుచేస్తాడు. చిక్కల్లా అప్పుడప్పుడు మొరాయించే బండితోనే. పొద్దున చక్కగా స్టార్టవుతుంది. నాయుడుపేటలో పని చూసుకొని వచ్చేసరికి కదలదు. మెకానిక్‌ని పిలుచుకొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. మెకానిక్ నవ్వుతాడు, మనకు సిగ్గేస్తుంది. వారం తర్వాత మళ్ళీ అదే కథ. పిల్లలు "అమ్మేయండి నాన్నా" అంటారు. మనకు బండి మీద నమ్మకం పోయి, రాత్రిపూట బయలుదేరాలంటే భయం మొదలవుతుంది.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాహనాల మరమ్మతు విభాగంలోనే పనిచేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట మీ ముందు పెడతాను. మిగతాదంతా ఆ మాటకు వివరణే. అప్పుడప్పుడు వచ్చే జబ్బును అది వచ్చినప్పుడే పట్టుకోవాలి. బండి బాగున్నప్పుడు వెతికి ప్రయోజనం లేదు. ఊహతో భాగాలు మార్చి అంతకన్నా ప్రయోజనం లేదు.

రాకెట్ నేర్పే పాఠం

మన ఊరివాళ్ళకు ఈ విషయం చెప్పడానికి కారు కన్నా ముందు రాకెట్‌ను తలచుకోవడమే సులువు. 2001 మార్చి 28న శ్రీహరికోటలో మొదటి జీఎస్ఎల్వీ ప్రయోగం జరగాల్సిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి దశకు చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు ముందుగా అంటుకోవాలి. అవి సరిగా పనిచేస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే మధ్యలోని ఘన ఇంధన మోటారు వెలగాలి. ఆ రోజు నాలుగింటిలో ఒక ఇంజను కావలసినంత బలం ఇవ్వలేదు. నేల విడవడానికి ఒక సెకను ముందు కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. అప్పుడు ఎవరూ "ఇంకోసారి బటన్ నొక్కి చూద్దాం" అనలేదు. రాకెట్‌ను కాపాడుకున్నారు, లోపం ఎక్కడుందో వెతికారు, సరిచేశారు. సరిగ్గా 3 వారాలకు, ఏప్రిల్ 18న, అదే రాకెట్ జీశాట్-1తో ఎగిరింది.

2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం విషయంలో కూడా కంప్యూటర్ 5 సెకన్ల ముందు ఆపింది. లోపం ఏమిటో వెంటనే తేలింది కాబట్టి అదే ఉదయం 10 గంటలకు ప్రయోగం జరిగింది. ఒకదానికి 3 వారాలు, ఇంకొకదానికి గంట పైచిలుకు పట్టింది. రెండు చోట్లా పద్ధతి మాత్రం ఒకటే. ఆగిన క్షణంలో ఏ భాగం ఏ స్థితిలో ఉందో రాసి ఉంది. ఆ రాత ఉండబట్టే కారణం దొరికింది.

మన పాత కారులో అలా రాసిపెట్టే కంప్యూటర్ లేదు. ఆ పని మనమే చెయ్యాలి. అందుకు కావలసింది ఒక పది రూపాయల నోటుపుస్తకం, ఒక పెన్ను. రెండూ కారు డాష్‌బోర్డు అరలో పెట్టండి.

నోటుపుస్తకంలో ఏం రాయాలి?

బండి మొరాయించిన ప్రతిసారీ ఆరు సంగతులు రాయండి. ఒకటి, తేదీ, సమయం, ఎండా వానా అన్నది. రెండు, ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా, ఆపి ఎంతసేపయింది. మూడు, తాళం తిప్పినప్పుడు వచ్చిన చప్పుడు. అసలు చప్పుడే లేదా, 'టిక్' మన్నదా, నీరసంగా మూలిగిందా, జోరుగా తిరిగి కూడా అందుకోలేదా? నాలుగు, డాష్‌బోర్డు లైట్లు ఎలా ఉన్నాయి. ఐదు, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఎప్పుడు పోయించారు. ఆరు, చివరికి ఎలా స్టార్టయింది. కాసేపు ఆగితేనా, తోస్తేనా, బ్యాటరీ దగ్గర కదిలిస్తేనా?

నాలుగైదు సార్లు రాసేసరికి మీకే ఒక వరస కనబడుతుంది. వేడిగా ఉన్నప్పుడే వస్తే ఒక దారి, వాన పడ్డ మర్నాడే వస్తే ఇంకో దారి, నాలుగు రోజులు కదల్చకపోతే వస్తే మరో దారి.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ తీసుకుంటోందా?

స్టార్ట్ కాలేదు అన్న ఒక్క మాటలో రెండు వేరువేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పకపోవడం ఒకటి. ఇంజను తిరుగుతూ కూడా అంటుకోకపోవడం రెండోది. మొదటిదానికి కార్బురేటర్ విప్పడం దండగ. రెండోదానికి బ్యాటరీ మార్చడం దండగ. మన డబ్బులు ఎక్కువగా పోయేది ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లనే.

సెల్ఫ్ తీసుకోకపోతే పనిముట్లు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. హెడ్‌లైట్లు వేసి ఎదురుగా గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పండి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా అలాగే వెలుగుతుంటే కరెంటు సెల్ఫ్ మోటారులోకి వెళ్ళడం లేదన్నమాట. తాళం స్విచ్చి, సోలినాయిడ్, వాటి మధ్య వైర్లు చూడాలి. లైట్లు బాగా మందగించి టిక్ టిక్ మంటే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా సెల్ఫ్ మోటారు పట్టేసింది. టక్కున పూర్తిగా ఆరిపోయి, తాళం వదిలాక మళ్ళీ వెలిగితే బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర పట్టు సరిగా లేదు.

ఈ చివరిది మన ప్రాంతంలో మరీ ఎక్కువ. పులికాట్ మీదుగా వచ్చే ఉప్పుగాలి ఇనుమును, రాగిని ఏం చేస్తుందో కిటికీ ఊచలు చూసుకునే మీకు తెలుసు. బ్యాటరీ టెర్మినల్ పైకి మెరుస్తున్నా లోపల సన్నని పొర పట్టి ఉంటుంది. దీపాలకు కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ పొరలోంచి పోతుంది. సెల్ఫ్ మోటారుకు వంద ఆంపియర్లకు పైగా కావాలి, అది పోదు. అందుకే "హారను మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగానే ఉంది కదా" అని మోసపోతాం.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. ముందు నెగటివ్ వైరు విప్పండి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి పాత బ్రష్షుతో తోమండి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూడండి. ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాజలైన్ రాయండి. పది నిమిషాల పని. ఆరు నెలలకోసారి చేస్తే చాలు.

ఇంకో మూల సాధారణంగా ఎవరూ చూడరు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. కింద ఉంటుంది కాబట్టి బురద, ఉప్పు, తుప్పు దాన్ని తింటాయి. ఇది పాడైతే బండి ఒకరోజు సెల్ఫ్ తీసుకుంటుంది, ఒకరోజు తీసుకోదు. ఒక్కోసారి కరెంటు వేరే దారి లేక చోక్ వైరు గుండానో యాక్సిలరేటర్ వైరు గుండానో పోయి ఆ వైరు కాలుతుంది. మొరాయించినప్పుడు జంపర్ కేబుల్ ఒకటి తీసుకొని బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజను మీది శుభ్రమైన ఇనుప భాగానికి పెట్టి చూడండి. అప్పుడు జోరుగా తిరిగితే దొంగ దొరికినట్టే. కొత్త పట్టీ వెల స్వల్పం.

కొన్ని వందల రూపాయలకే వోల్టు మీటరు దొరుకుతుంది. నాలుగైదు గంటలు కదల్చని బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగు బాగున్నట్టు. చార్జింగు లేని బండికి కొత్త బ్యాటరీ కొన్నా నాలుగు రోజుల్లో పాతదానిలాగే అవుతుంది.

రెండో ప్రశ్న: తిరుగుతోంది, అందుకోవడం లేదు – నిప్పురవ్వ లేదా, పెట్రోలు లేదా?

పెట్రోలు ఇంజన్‌కు కావలసినవి గాలి, పెట్రోలు, సరైన సమయంలో నిప్పురవ్వ. గాలి తేలికగా తప్పిపోదు. కాబట్టి మిగిలిన రెంటిలో ఏది లేదో తేల్చాలి. అదీ మొరాయించినప్పుడే.

కార్బురేటర్ బండిలో పెట్రోలు చూడటం సులువు. ఇంజను ఆపి ఉండగా ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కడ్డీని చేత్తో కదపండి. సన్నని ధారగా పెట్రోలు చిమ్మితే అక్కడిదాకా పెట్రోలు వచ్చినట్టు. చిమ్మకపోతే పంపు, ఫిల్టర్, పైపు, ట్యాంకు చూడాలి. దగ్గర్లో సిగరెట్టు, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

నిప్పురవ్వ పరీక్ష మాత్రం మెకానిక్ చేతే చేయించండి. కాయిల్ నుంచి వచ్చేది వేల వోల్టులు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, నడుస్తున్న ఇంజను మీద, సెల్ఫ్ కొడుతున్న ఇంజను మీద వంగనే వద్దు. ఇది నవ్వులాటకు చెబుతున్న మాట కాదు. మనలో ఆ పరికరం ఉన్నవారు ఎందరో ఉన్నారు.

నిప్పురవ్వ లేకపోతే పాత బండిలో చూడవలసినవి నాలుగు. మొదటిది పాయింట్లు. అంబాసడర్ వంటి బండ్లలో వాటి మధ్య ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే ప్రమాణం. కాలిపోయిన పాయింట్లను ఆకురాయితో రుద్దితే కొన్నాళ్ళు నడుస్తుంది. పదేపదే కాలిపోతుంటే రెండోదాన్ని, అంటే కండెన్సర్‌ను అనుమానించాలి. మూడోది కాయిల్. నాలుగోది డిస్ట్రిబ్యూటర్ మూత. దానిలో వెంట్రుకవాసి పగులు ఉంటే ఎండాకాలమంతా ఏమీ తెలియదు. కార్తీకమాసం వానల్లో, తుఫాను రోజుల్లో చెమ్మ చేరి నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. పొడిగుడ్డతో లోపల తుడిస్తే స్టార్టయింది అంటే జబ్బు ఏమిటో అదే చెప్పినట్టు.

కండెన్సర్‌కూ కాయిల్‌కూ ఒక చెడ్డ గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక మానేస్తాయి. కాయిల్ లోపల వెంట్రుక లాంటి తీగ ఎక్కడో తెగి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కొసలు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. వేడికి ఎడమవుతాయి. అరగంటకు చల్లారి మళ్ళీ తగులుతాయి. మెకానిక్ వచ్చేసరికి బండి బాగుండడానికి చాలాసార్లు ఇదే కారణం.

వేడి మీద ఆగే బండికి రెండో అనుమానం పెట్రోలు ఆవిరి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో ఇంజను పక్కనే ఉన్న పెట్రోలు పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ఆ బుడగను లాగలేదు. తడిగుడ్డ పంపు మీద, పైపు మీద వేసి ఇరవై నిమిషాలు నీడలో ఆగితే సర్దుకుంటుంది. ఎండాకాలంలోనే వస్తే ఆవిరి, చలికాలంలో కూడా వేడి మీదే వస్తే కాయిల్ లేదా కండెన్సర్. చూశారా, ఇది తేల్చేది నోటుపుస్తకమే.

మూడో అనుమానం ట్యాంకు మూత. దానిలో గాలి పోయే సన్నని రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక పంపు లాగలేదు. మొరాయించినప్పుడు మూత తిప్పండి. 'స్స్' మని గాలి లోపలికి పోయి బండి స్టార్టయితే ఖర్చు లేకుండా రోగం కుదిరింది.

ఇంజెక్షన్ బండ్లు ఉన్నవారు, అంటే తర్వాతి మారుతి 800, జెన్, శాంట్రో వంటివి ఉన్నవారు ఇంకో పని చేయాలి. తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టి వినండి. వెనక సీటు వైపు పంపు రెండు మూడు సెకన్లు 'గుయ్' మని ఆగాలి. ఆ చప్పుడు రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడాలి. చప్పుడు వచ్చి, ఇంజను తిరుగుతూ వేడి మీద మాత్రమే అందుకోకపోతే క్రాంక్ సెన్సార్‌ను అనుమానించాలి. తాళం బొమ్మ ఉన్న దీపం మిణుకుమంటుంటే బండి మీ తాళంచెవిని గుర్తుపట్టడం లేదు. రెండో తాళంచెవితో ప్రయత్నించండి.

ఒక ఉదాహరణ

మన సభ్యులొకరి సంగతి వారి అనుమతితో చెబుతున్నాను, పేరు చెప్పడం లేదు. వారి సతీమణికి వారానికి మూడుసార్లు డయాలసిస్. వేళకు ఆసుపత్రికి చేర్చాలి, అయ్యాక నీరసంగా ఉన్న మనిషిని ఇంటికి తేవాలి. వారిది కార్బురేటర్ ఉన్న మారుతి 800. దారిలో టీకి ఆపితే మళ్ళీ స్టార్టయ్యేది కాదు. ఒక వర్క్‌షాపులో బ్యాటరీ మార్చారు. ఇంకోచోట ప్లగ్గులు మార్చి కార్బురేటర్ కడిగారు. మూడోచోట సెల్ఫ్ మోటారు విప్పి కొత్త కార్బన్లు వేశారు. రెండు నెలల పెన్షన్‌లో మంచి భాగం పోయింది, జబ్బు పోలేదు. ఒకనాటి సాయంత్రం ఆ తల్లి రోడ్డు పక్కన కారులో గంటసేపు కూర్చోవలసి వచ్చింది. కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేసి "ఆ బండి ఇక ఎక్కవద్దు" అన్నాడు. ఆయన బాధ బండి గురించి కాదు. "నా భార్యను నేను తీసుకుపోలేనా, ప్రతిసారీ ఎవరినో అడగాలా?" అన్నదే.

మూడు వారాలు రాయమన్నాను. ఈలోగా ఆసుపత్రి రోజుల్లో అద్దె కారు మాట్లాడుకున్నారు. పుస్తకం చూస్తే సంగతి తేటగా ఉంది. పొద్దున ఒక్కసారీ మొరాయించలేదు. మొరాయించినవన్నీ బండి ఆపిన పది నిమిషాలకూ నలభై నిమిషాలకూ మధ్య. ప్రతిసారీ సెల్ఫ్ జోరుగా తిరిగింది. అంటే బ్యాటరీకీ, సెల్ఫ్ మోటారుకూ ఈ జబ్బుతో సంబంధమే లేదు. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజున కూడా వచ్చింది, కాబట్టి పెట్రోలు ఆవిరి మీద అనుమానం తగ్గింది.

అప్పుడు మెకానిక్‌తో ఒక ఏర్పాటు చేసుకున్నాం. "బండి బాగున్నప్పుడు నీ దగ్గరికి తేము. అరగంట తిప్పి, నీ షెడ్డు ముందే ఆపి, మొరాయించేదాకా కూర్చుంటాం" అన్నాం. రెండో రోజున మొరాయించింది. కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మింది. నిప్పురవ్వ లేదు. మంచిదని తెలిసిన వేరే కాయిల్‌ను అప్పటికప్పుడు కలిపి చూశాడు. వెంటనే స్టార్టయింది. పాత కాయిల్ మళ్ళీ పెడితే లేదు. చల్లారాక అదే కాయిల్‌తో స్టార్టయింది. ఇక సందేహం ఏముంది? అంతకు ముందు మార్చిన వస్తువులన్నిటి కన్నా ఈ కాయిల్ చవక. తర్వాత ఒక నెల పుస్తకంలో రాస్తూనే ఉన్నారు. ఒక్కసారీ మొరాయించలేదు. అప్పుడే ఆసుపత్రి ప్రయాణాలకు మళ్ళీ ఆ బండి తీశారు.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఇటీవలి మార్పు ఒకటి పాత బండ్లవాళ్ళు తెలుసుకోవాలి. 2025 నాటికి మనకు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత బండ్లలోని రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, వాషర్లు దీన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. కొన్ని మెత్తబడతాయి, కొన్ని పగులుతాయి. పెట్రోలు పైపును చేత్తో నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, బీటలున్నా, పెట్రోలు వాసన వస్తున్నా వెంటనే మార్పించండి. వేడి ఇంజను మీద కారే పెట్రోలు మొరాయించడంతో పోదు, మంటకు దారితీస్తుంది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది కూడా. సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి ఉంచితే నీరు అడుగున చేరుతుంది, తుప్పు పడుతుంది, ఆ తుప్పు ఫిల్టర్‌ను మూస్తుంది.

మనలో చాలామంది అమెరికాలోనో బెంగుళూరులోనో పిల్లల దగ్గరికి నెలల తరబడి వెళ్ళి వస్తుంటాం. వెళ్ళేముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి వెళ్ళండి. ఊళ్ళోనే ఉంటే వారానికోసారి అరగంట రోడ్డు మీద నడపండి. ఇంటి ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజను ఆన్ చేస్తే సెల్ఫ్‌కు పోయిన కరెంటు తిరిగి రాదు. బానెట్ ఎత్తి ఎలుకల జాడ చూడండి. ఎలుక సగం కొరికిన వైరు కూడా అప్పుడప్పుడు మొరాయించే జబ్బే తెస్తుంది.

చేయకూడనివి

సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి పట్టుకోవద్దు. అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. ఆగకుండా కొడితే ఉన్న బ్యాటరీ అయిపోతుంది, సెల్ఫ్ మోటారు కాలుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజన్‌లోకి ఎక్కువ చేరినట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి అలాగే పట్టుకొని సెల్ఫ్ కొట్టండి, పదేపదే తొక్కవద్దు.

పైపు నోట్లో పెట్టుకొని పెట్రోలు లాగవద్దు. కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయినా, మన వయసులో ప్రాణం మీదికి వస్తుంది. కార్బురేటర్‌లో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టవద్దు, ఎదురుమంట వస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

బండి తోయడం మన పని కాదు. డెబ్బై ఏళ్ళ గుండెతో కారు తోసి ఆసుపత్రిపాలైతే ఏం లాభం? కుర్రవాళ్ళు తోసినా, కొత్త బండ్లలో సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. కాలని పెట్రోలు దానిలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి?

"బ్యాటరీ మార్చు, కాయిల్ మార్చు" అని మనం చెప్పవద్దు. లక్షణాలు చెప్పాలి. డాక్టరు దగ్గర మనం ఒంట్లో ఎలా ఉందో చెబుతాం కానీ మందు పేరు చెప్పం కదా! నోటుపుస్తకం చూపండి. ఒకసారికి ఒక్క వస్తువే మార్చమనండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది జబ్బో ఎప్పటికీ తెలియదు. మార్చేముందు "ఇది చెడిందని ఎలా తేలింది?" అని మర్యాదగా అడగండి. తీసిన వస్తువు మీకు ఇమ్మనండి. మంచి మెకానిక్‌కు ఈ మాటలు కష్టంగా ఉండవు, సంతోషిస్తాడు. పాయింట్లు సరిచేయడం తెలిసిన పెద్ద మేస్త్రీలు తగ్గిపోతున్నారు. అంబాసడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయాయి. కాబట్టి అలాంటి మేస్త్రీ దొరికితే గౌరవంగా చూసుకోండి. కాయిల్, కండెన్సర్, పాయింట్లు, ఫ్యాన్ బెల్టు ఒక్కొక్కటి కొని డిక్కీలో ఉంచుకోండి.

చివరిగా ఒక మనవి. కారణం తేలి, మరమ్మతు అయి, ఒక నెల పుస్తకంలో ఖాళీ పేజీ కనిపించేదాకా ఆ బండిని అత్యవసరానికి నమ్ముకోవద్దు. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా బండి తాళం వెతకవద్దు, 108కి ఫోను చేయండి. ఆటో నడిపే తెలిసిన కుర్రవాడి నంబరు, ఇరుగుపొరుగువారి నంబరు టెలిఫోను పక్కన పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఇంట్లో ఆడవారికి కూడా ఆ కాగితం ఎక్కడుందో చెప్పి ఉంచండి.

బండిని ఎప్పటిదాకా ఉంచుకోవాలని కొందరు అడిగారు. బాడీ అడుగు తుప్పు పట్టి చిల్లులు పడినా, బ్రేకులకు వస్తువులు దొరకకపోయినా, నడిపేవారికి చూపు మందగించినా ఇక వీడ్కోలు చెప్పవలసిందే. వట్టిగా అప్పుడప్పుడు మొరాయిస్తోందని మాత్రం అమ్ముకోనక్కరలేదు. చాలాసార్లు దాని వెనక ఉన్నది ఒక తుప్పు పట్టిన పట్టీ, ఒక వదులైన టెర్మినల్, ఒక అలసిపోయిన కాయిల్. ఓపికగా రాసుకొని, సమయం చూసి పట్టుకుంటే దొరుకుతుంది. ఓపిక, తీరిక రెండూ ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి.

ఆసక్తి ఉన్న సభ్యులు నెలవారీ సమావేశానికి మీ బండి, మీ నోటుపుస్తకం రెండూ తీసుకురండి. నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.